గడియ పడిన తలుపులు

అగ్నిమాపక నిబంధనల చరిత్ర అనగానే ఎర్రబండ్లు, గంటలు, నీటి గొట్టాలు కళ్ళముందు మెదులుతాయి. నేను చదివినంతలో మాత్రం అది చాలావరకు తలుపుల చరిత్ర. తలుపు ఏ వైపుకు తెరుచుకోవాలి, దానికి తాళం ఉండవచ్చునా, ఉంటే చెవి ఎవరి దగ్గర ఉండాలి అన్న చిన్న ప్రశ్నలకు జవాబులు వందల ప్రాణాలు పోయిన తరువాతే నిబంధనల పుస్తకాలకెక్కాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమని మన పెద్దలు అన్నది ఇటువంటి తీరునే.

విచిత్రమేమంటే, ఈ చరిత్రలో ముందుగా చెప్పుకోవలసిన దుర్ఘటనలో నిప్పే లేదు. ఇంగ్లండులోని సండర్లాండ్ పట్టణంలో విక్టోరియా హాలు ఉండేది. 1883 జూన్ 16న అక్కడ పిల్లల కోసం వినోద ప్రదర్శన జరిగింది. చివర్లో కింద కూర్చున్నవారికి బహుమతులు పంచడం మొదలుకాగానే, తమకు అందవేమోనని పై గ్యాలరీలోని పిల్లలు మెట్లమీదుగా పరుగెత్తారు. మెట్ల దిగువన ఉన్న తలుపు లోపలివైపుకు తెరుచుకునేది. పైగా ఒక్కొక్కరే రావాలని కాబోలు, మనిషి పట్టేంత సందు మాత్రం వదిలి దానికి గడియ బిగించారు. ముందున్నవారు ఇరుక్కుపోయారు, వెనుకవారికి ఆ సంగతి తెలియదు. 183 మంది పిల్లలు ఊపిరాడక మరణించారు. ఆ గడియ వేసిందెవరో విచారణలో తేలలేదు. జనం గుమిగూడే చోట తలుపులు బయటికే తెరుచుకోవాలన్న నియమానికి ఆ దేశంలో ఈ ఘటనే బలం చేకూర్చింది. 1892లో రాబర్ట్ అలెగ్జాండర్ బ్రిగ్స్ అనే ఆయన, లోపలినుంచి తోస్తే చాలు ఊడివచ్చే గడియకు పేటెంటు పొందాడు.

అయినా ఆ గడియ అట్లాంటిక్ దాటి వెళ్ళలేదు. షికాగోలోని ఇరాక్వా థియేటరు 1903 నవంబరులో తెరుచుకుంది. 'దీనికి అగ్నిభయం బొత్తిగా లేదు' అని చాటుకున్నారు. ఐదారు వారాలైనా గడవకముందే, డిసెంబరు 30న మధ్యాహ్నపు ఆటలో దీపపు నిప్పురవ్వ తెరకు అంటుకుంది. నిష్క్రమణ ద్వారాలు కొన్ని అలంకారపు పరదాల వెనుక దాగి ఉన్నాయి. కొన్నింటికి ప్రేక్షకులు ఎన్నడూ ఎరుగని రకపు గడియలు. చవక టిక్కెట్టువారు ఖరీదైన సీట్లలోకి దిగకుండా మెట్లదారిలోని ఇనుప గేట్లకు తాళాలు వేశారు. మరణించినవారు 602 మంది, అందులో స్త్రీలు, పిల్లలే ఎక్కువ. ఆ ఆటకు వెళ్ళవలసి ఉండి వెళ్ళలేకపోయిన కార్ల్ ప్రింజ్లర్ అనే వ్యాపారి, ఇంజనీరు హెన్రీ డ్యూపాంట్ సాయంతో, ఒంటి బరువు తగిలితే తెరుచుకునే అడ్డకడ్డీని తయారు చేయించి 1908లో అమ్మకానికి పెట్టాడు. ఈనాటి మల్టీప్లెక్సు తలుపులకు అడ్డంగా కనిపించే కడ్డీ దాని సంతతిదే.

ఇక న్యూయార్కులోని ట్రయాంగిల్ చొక్కాల కర్మాగారం. 1911 మార్చి 25 సాయంత్రం నిప్పంటుకుని 146 మంది కార్మికులు మరణించారు, అత్యధికులు వలసవచ్చిన యువతులు. భవనం మాత్రం అగ్నికి తట్టుకునేదే, ఈనాటికీ నిలిచి ఉంది. తొమ్మిదవ అంతస్తులో ఒక తలుపుకు తాళం పడి ఉంది. పని ముగించి వెళ్ళే ఆడపిల్లలు గుడ్డ ముక్కలు దొంగిలిస్తారేమోనని, అందరూ రెండవ తలుపు దగ్గర సంచులు చూపించి పోవాలన్న ఏర్పాటు అది. విచారణలో యజమానులలో ఒకరిని, ఆ దొంగతనాల విలువ మొత్తం ఎంతని అడిగారు. 25 డాలర్లకు మించదని ఒప్పుకున్నాడు. తలుపుకు తాళం ఉన్న సంగతి ఆ క్షణాన యజమానులకు తెలుసునని రుజువు కాలేదు గనుక ఇద్దరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. అందులో ఒకాయన 1913లో మళ్ళీ తలుపుకు తాళం వేసి పట్టుబడి, 20 డాలర్ల జరిమానా కట్టాడు!

ఆనాటి మంటలను వీధిలో నిలబడి చూసినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. అనంతరం ఏర్పడిన విచారణ సంఘంతో కలిసి పనిచేసి, న్యూయార్కు కార్మిక చట్టాలను మార్పించడంలో పాలుపంచుకున్నారు. 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు.

మన దేశంలో జాతీయ భవన నిర్మాణ నియమావళి మొదట 1970లో వెలువడింది. అందులో నాలుగవ భాగం అగ్నిభద్రతకు సంబంధించినది. నిష్క్రమణ ద్వారాన్ని లోపలివారు తాళంచెవి అవసరం లేకుండా తెరవగలగాలని 2016 నాటి కూర్పు చెబుతోంది. అంటే సండర్లాండ్, షికాగో, న్యూయార్కుల సారమంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. అయితే ఈ నియమావళి స్వతహాగా సిఫారసు మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టాలలో చేర్చుకుంటేనే దానికి బలం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టం 1999లో వచ్చింది.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది పొగకు బలైనప్పుడు, బాల్కనీలో కుడివైపు దారి అదనపు సీట్లకోసం మూసివేసి ఉంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ భవనంలో ఆరుగురు, 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పోయారు. రెండుచోట్లా మంటకంటె పొగే ప్రాణాలు తీసింది. గుల్జార్ హౌజ్ ఇంటికి రాకపోకలకు ఉన్నది ఒకే ఇరుకు దారి.

ఈ కథలన్నీ వరుసగా చదివితే నాకు తోచిందిది. తలుపు మూసిన ప్రతివాడికీ ఒక కారణం ఉంది. టిక్కెట్టు లేనివాడు, గుడ్డముక్క, ఇంకొక సీటు డబ్బు. అవన్నీ రోజూ కంటికి కనిపించే నష్టాలు. అగ్నిప్రమాదం ఎన్నడో ఒకనాటి మాట. అందుకే రోజువారీ భయం ముందు అరుదైన భయం ఓడిపోతూ వచ్చింది. యజమాని వివేకానికి వదలకుండా చట్టం తలుపుల దాకా రావలసివచ్చింది కూడా ఇందుకే. కాని అగ్నిమాపక శాఖవారు పత్రం ఇచ్చేది ఏ ఒక్కరోజునో, గడియ వేసేది ప్రతి రాత్రీ. మన అపార్టుమెంట్లలో దొంగల భయంతో మేడమీది తలుపుకు వేసే తాళం, మెట్లమీద పేర్చే సైకిళ్ళు, చెప్పుల అరలు ఏ తనిఖీకీ దొరకవు. వాటిని చూడవలసినది అక్కడ ఉండేవారే. ఈసారి సంఘం సమావేశంలో నిర్వహణ రుసుము లెక్కలు ముగిశాక, మేడ తాళంచెవి ఎవరి దగ్గరుందో, అర్ధరాత్రి ఆయన ఊళ్ళో లేకపోతే ఏమిటో ఒక్కసారి అడిగి చూడండి.