పాత్ర సరే, హక్కు ఏదీ?

అంతర్జాతీయ చట్టం, సుస్థిరాభివృద్ధి కలిపి పీజీలో చదివేవాళ్లకి మొదట చెప్పేది మూడు నగరాల కథ. 1972లో స్టాక్‌హోమ్, 1992లో రియో, 2002లో జొహానెస్‌బర్గ్. నేనూ ఆ కథతోనే మొదలుపెట్టాను. దేశాలు సమావేశమయ్యాయి, ప్రకటనలు చేశాయి, సూత్రాలు పుట్టాయి. పరీక్షకి ఇది చాలు. కానీ ఈ చరిత్రలో స్త్రీలు ఎక్కడున్నారని వెతికితే కథ వేరేలా కనిపిస్తుంది.

స్టాక్‌హోమ్ ప్రకటన ఇంగ్లీషు ప్రతిలో మంచి పర్యావరణంలో బతికే హక్కు ‘మ్యాన్’కి ఉంది. అంటే మనిషి అనే అర్థం చేసుకోవాలంటారు. సరే, మరి 26 సూత్రాల్లో స్త్రీల ప్రస్తావనే లేకపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఆ తర్వాత నార్వేకి చెందిన గ్రో హార్లెం బ్రంట్‌లండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కమిషన్ 1987లో నివేదిక ఇచ్చింది. రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఈ తరం అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అన్న నిర్వచనం అందులోదే. ఇంకా పుట్టని వాళ్ల గురించి ఇంతగా ఆలోచించిన ఈ నిర్వచనం, ఈ తరంలో, ఒకే ఇంట్లో భూమి ఎవరి పేరున ఉందో, నీళ్లు ఎవరు మోస్తున్నారో మాత్రం అడగదు.

అడిగినవాళ్లు స్త్రీలే. రియోకి కొన్ని నెలల ముందు, 1991 నవంబరులో, అమెరికాలోని మయామీలో 83 దేశాల నుంచి సుమారు 1500 మంది స్త్రీలు సమావేశమయ్యారు. ముందు నిలిచి నడిపింది బెల్లా అబ్జుగ్. కెన్యా నుంచి వంగారి మాథాయ్, మన దేశం నుంచి వందనా శివ వెళ్లారు. అక్కడ తయారైన ‘ఉమెన్స్ యాక్షన్ అజెండా 21’ పట్టుకుని వాళ్లు రియో చర్చల్లో పోరాడారు. ఫలితంగా రియో కార్యాచరణలో 24వ అధ్యాయం, ప్రకటనలో 20వ సూత్రం స్త్రీల గురించి వచ్చాయి. ఇది చిన్న గెలుపు కాదు.

అయితే ఆ 20వ సూత్రం అంటున్నదేమిటి? పర్యావరణ నిర్వహణలో, అభివృద్ధిలో స్త్రీలకు కీలకమైన పాత్ర ఉందని, కాబట్టి వాళ్ల పూర్తి భాగస్వామ్యం అవసరమని. పాత్ర అంటే పని. పని చేసేవాళ్లకి ఏం దక్కాలో అందులో లేదు.

అంతకు పదమూడేళ్ల ముందే, 1979లో, ఆ మాట మరోచోట రాసి ఉంది. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు చేసుకున్న సీడా ఒప్పందంలోని 14వ అధికరణం ప్రత్యేకంగా గ్రామీణ స్త్రీల కోసమే. వ్యవసాయ రుణం, భూసంస్కరణల్లో సమానత్వం, నీరు, పారిశుధ్యం అన్నిటినీ అది హక్కులుగానే చెప్పింది. భారతదేశం దాన్ని 1993లో ఆమోదించింది. రియో ప్రకటనకు చట్టపరంగా కట్టుబడాల్సిన పని లేదు. సీడాకి ఉంది. కానీ నా చదువులో రియో ప్రకటన తప్పనిసరి పేపరులో వచ్చింది, సీడా ఐచ్ఛిక పేపరులో. హక్కు ఒక గదిలో, అభివృద్ధి ఇంకో గదిలో!

ఈ విభజన క్లాసు రూముతో ఆగదు. 2015 నాటి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో స్త్రీలకు భూమి మీద యాజమాన్యం, అదుపు అన్న మాట వచ్చింది. పక్కనే ‘జాతీయ చట్టాలకు అనుగుణంగా’ అన్న షరతు కూడా చేరింది. జాతీయ చట్టాల సంగతి మనకు తెలియంది కాదు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటానిచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అది గర్వించాల్సిన విషయమే. కానీ అప్పటికే పెళ్లయిన కూతుళ్లకి వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ వచ్చేదాకా వాళ్లు ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

పొలంలో నాట్లు వేసేది, విత్తనం దాచేది స్త్రీ. పట్టా మీద పేరు లేకపోతే రైతుగా ఆమె లెక్కలోకి రాదు. అలాంటప్పుడు నేలని కాపాడే బాధ్యత మాత్రం ఆమెదని చెప్పే చట్టం ఎవరి కోసం? అందుకే ఈ చదువులోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకి నేను చెప్పేది ఒక్కటే. 20వ సూత్రాన్నీ 14వ అధికరణాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏ పత్రంలోనైనా ‘పాత్ర’ అన్న మాట కనిపించినప్పుడల్లా పక్కన ‘హక్కు’ ఉందో లేదో చూడండి.