రాయ్‌పూర్ విమానాశ్రయం: మానా శిబిరం, ఢాకా విమానం, మన జీఎస్ సిలబస్

రాయ్‌పూర్ విమానాశ్రయం గురించి మీ నోట్స్‌లో బహుశా ఒక్క లైనే ఉంటుంది: స్వామి వివేకానంద విమానాశ్రయం, ఛత్తీస్‌గఢ్. ప్రిలిమ్స్‌కి అది చాలు. కానీ మెయిన్స్ జీఎస్ పేపర్ 1లో స్వాతంత్య్రానంతర భారతదేశం అనే టాపిక్ ఉంది కదా. దాన్ని మనలో చాలామంది సంస్థానాల విలీనం, భాషాప్రయుక్త రాష్ట్రాలతో ముగించేస్తాం. దేశ విభజన బాధితుల పునరావాసం పక్కన పడిపోతుంది. నేను రాయ్‌పూర్‌లో ఉండి చదువుకుంటున్నాను. ఇక్కడి విమానాశ్రయం ఉన్న ఊరు మానా. ఆ టాపిక్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు పేరు సంగతి చూద్దాం. 1877లో తండ్రి విశ్వనాథ్ దత్తా పని మీద ఆ కుటుంబం కలకత్తా నుంచి రాయ్‌పూర్ వచ్చింది. నరేంద్రుడికి అప్పుడు 14 ఏళ్లు. రాయ్‌పూర్‌కి ఇంకా రైలు లేదు, అడవి దారిలో ఎద్దుల బండి ప్రయాణం. సుమారు రెండేళ్లు ఇక్కడే ఉన్నారు. 2012 జనవరిలో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అదే ఏడాది నవంబరు 7న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. పేరు గురించి ఇంత తెలిస్తే చాలు.

అసలు కథ మానాది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ ఎయిర్‌స్ట్రిప్, సైనికుల బ్యారక్‌లు ఉండేవి. యుద్ధం అయిపోయాక మిగిలిన ఆ చోటే తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన వాళ్లకి ట్రాన్సిట్ క్యాంప్ అయింది. 1958లో కేంద్రం దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్, ఒడిశాలోని కోరాపుట్, కలహండి ప్రాంతాల్లో వాళ్లకి భూములిచ్చి స్థిరపరచాలన్నది ఆలోచన. 1963 డిసెంబరులో శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గా నుంచి పవిత్ర అవశేషం మాయమైంది. ఆ కోపం ఖుల్నా, ఢాకా వైపు అల్లర్లుగా మారింది. కాశ్మీర్‌లో జరిగిన దానికి ఖుల్నాలో రైతు ఇల్లు వదిలాడు, చివరికి మానాలో తేలాడు. 1964లో రైళ్లలో వేల కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది నామశూద్రులు. నదులు, పడవలు, నీళ్లు నిలిచే వరి పొలాలు తెలిసిన మనుషులు. వాళ్లకి ఇచ్చింది వాన మీద ఆధారపడిన మెట్ట నేల. ప్రాజెక్టు చైర్మన్‌గా పనిచేసిన ఐసీఎస్ అధికారి శైబల్ కుమార్ గుప్తా పదవి వదిలాక, భూమి నాణ్యతనూ నీటి వసతినీ ప్రశ్నిస్తూ 1965లో ఎకనామిక్ వీక్లీలో రాశారు. ఇంకో వైపు కూడా మీ జవాబులో రావాలి: ఆ అడవులు ఖాళీగా లేవు, అక్కడ ఆదివాసీలు ఉన్నారు. ఒక నిర్వాసితుడికి భూమి ఇవ్వడానికి ఇంకొకరి అడవి వాడుకున్నారు.

ట్రాన్సిట్ అంటే దారిలో కాసేపు ఆగడం. మానాలో కొందరికి అది ఏళ్లు పట్టింది. మగదిక్కు లేని స్త్రీలు, వృద్ధులు, వికలాంగులకి ప్రభుత్వ ఫైళ్లలో పెట్టిన పేరు 'పర్మనెంట్ లయబిలిటీ', అంటే శాశ్వత భారం. ఎథిక్స్ పేపర్‌లో పరిపాలనా భాష గురించి అడిగితే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

1978లో దండకారణ్యం నుంచి వేలమంది సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవికి వెళ్లిపోయారు. 1979 జనవరిలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆ దీవిని దిగ్బంధించింది, మే నెలకల్లా ఖాళీ చేయించింది. ఎంతమంది చనిపోయారన్న దానిపై ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కాబట్టి జవాబులో అంకె వేయకండి.

ఇక 2015 ఆగస్టు 7కి రండి. ఢాకా నుంచి మస్కట్ వెళ్తున్న యునైటెడ్ ఎయిర్‌వేస్ ఎండీ-83 విమానం ఇంజిన్ మధ్య భారతం మీద ఉండగా చెడిపోయింది. 170 మందికి పైగా ప్రయాణికులతో అది రాయ్‌పూర్‌లో దిగింది. అందరూ క్షేమం, వేరే విమానంలో వెళ్లిపోయారు. విమానం మాత్రం ఉండిపోయింది. 2016లో ఆ కంపెనీ సర్వీసులే ఆగిపోయాయి. పార్కింగ్ బకాయి ఏళ్ల తరబడి పెరిగి కోట్లలోకి పోయింది. రెగ్యులర్ అంతర్జాతీయ సర్వీసులు లేని విమానాశ్రయంలో ఒక విదేశీ విమానం ఏళ్లపాటు నిలబడిపోయింది!

ఆ విమానం దిగడానికి చట్టం ఉంది. 1944 చికాగో ఒప్పందం 25వ ఆర్టికల్ ప్రకారం, ఆపదలో ఉన్న విమానానికి సభ్య దేశం వీలైనంత సాయం చేయాలి. అదే నేల మీదకి ఆపదలో వచ్చిన మనిషికి? 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. మానాకి వచ్చినవాళ్లని విభజన నిర్వాసితులుగా చూశారు కాబట్టి పునరావాసం దొరికింది. కానీ అది ప్రభుత్వ పథకంగా వచ్చింది, హక్కుగా కాదు. ఎలాంటి భూమి, ఎక్కడ, ఎన్నాళ్లకి అన్నది అధికారులే తేల్చారు.

పాలిటీ, ఎకానమీ వైపు త్వరగా చెప్పేస్తాను. విమానాశ్రయాలు కేంద్ర జాబితా 29వ అంశం. రాయ్‌పూర్‌ను నడిపేది ఏఏఐ. 2008 ఏఈఆర్ఏ చట్టంలో ఏటా 15 లక్షల ప్రయాణికులుంటే 'మేజర్' విమానాశ్రయం. 2019 సవరణ దాన్ని 35 లక్షలు చేసింది. 20 లక్షలు దాటిన రాయ్‌పూర్‌కి ఆ పరిమితి అందదు. 2021 సవరణతో కొన్నిటిని కలిపి ఒక గ్రూపుగా మేజర్ అనవచ్చు. అదే ఏడాది మానిటైజేషన్ పైప్‌లైన్‌లో పెట్టిన 25 విమానాశ్రయాల్లో రాయ్‌పూర్ ఉంది, మన విజయవాడ, తిరుపతి, రాజమండ్రి కూడా ఉన్నాయి.

ప్రాక్టీస్ ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): తూర్పు పాకిస్తాన్ నిర్వాసితుల పునరావాసంలో దండకారణ్య ప్రాజెక్టు ఎక్కడ తడబడింది? స్థానిక ఆదివాసీల దృష్టి నుంచి కూడా పరిశీలించండి.