మోగిన ఫోనులో మాట ఎందుకు రాలేదు?

కిందటేడు సంక్రాంతి ముందు మా అమ్మమ్మకి విదేశం నుంచి మామయ్య ఫోను చేశాడు. ఇద్దరికీ ఏదో పట్టింపు వచ్చి అప్పటికి రెండు నెలలుగా మాటల్లేవు. ఫోను మోగింది, అమ్మమ్మ ఎత్తింది. "హలో అమ్మా, హలో" అని మామయ్య గొంతు మాకందరికీ వినిపిస్తూనే ఉంది. "చెప్పరా నాయనా" అని అమ్మమ్మ అంటూనే ఉంది. ఆ మాట అటు చేరలేదు. "ఇంకా కోపం పోలేదా అమ్మా" అని మామయ్య పెట్టేశాడు. ఆ రాత్రి అమ్మమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

అమ్మమ్మది మామూలు బటన్ల ఫోను. మామయ్య మాత్రం హాస్టల్ వైఫై మీద, కంప్యూటర్‌లోంచి ఇంటర్నెట్ ఫోను చేశాడు. మా కంప్యూటర్ సారుకి చెబితే, "ఇది యాభై ఏళ్ల నాటి కథ, చదివి రాసుకురా" అన్నారు.

1974 ఆగస్టులో అమెరికాలో అర్పానెట్ అనే కంప్యూటర్ల వల మీద మనిషి గొంతుని మొదటిసారి ప్యాకెట్లుగా పంపారు. కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థకీ, మసాచుసెట్స్‌లోని లింకన్ లేబొరేటరీకీ మధ్య. దీని నియమాలు రాసిన వారిలో ముఖ్యుడు డానీ కోహెన్. ఆ నియమాల్లోనే పిలవడానికి ఒక ఏర్పాటు, మాట పంపడానికి వేరే ఏర్పాటు ఉన్నాయి. అంటే గంట మోగినంత మాత్రాన మాట వస్తుందని లేదు. నాకు ఇది చదివాకే సగం అర్థమైంది.

రెండో సంగతి. ఉత్తరమైతే ఆలస్యంగా వచ్చినా పరవాలేదు, మాట అలా కాదు. పోయిన ముక్క కోసం ఆగితే సంభాషణే చెడుతుంది. అందుకని 1980లో యూడీపీ అనే పద్ధతి వచ్చింది. పంపిన ప్యాకెట్ చేరిందా లేదా అని అది అడగదు. మామూలుగా ఇంటర్నెట్ ఫోను సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. అన్నీ దారిలో పోయినా పంపినవాడికి తెలియదు. తప్పు జరిగిందని తెర మీద ఏమీ రాదు, వట్టి నిశ్శబ్దమే.

అసలు చిక్కు 1994లో మొదలైంది. ఇంటర్నెట్ చిరునామాలు సుమారు 429 కోట్లే. అవి చాలవని భయం పట్టుకుని, ఒకే చిరునామాని చాలా కంప్యూటర్లు పంచుకునే నాట్ అనే ఉపాయం తెచ్చారు. ఉమ్మడి ఇంటికి ఒకే డోర్ నంబరు ఉన్నట్టు. లోపలి మనిషి ఉత్తరంలో "జవాబు మూడో గదికి రాయండి" అని రాస్తాడు. గుమ్మం దగ్గర రూటరు కవరు మీద డోర్ నంబరు వేస్తుంది గానీ, లోపలి ఉత్తరం విప్పి దిద్దదు. బయటివాళ్లకి ఏ ఊళ్లో మూడో గది?

1995లో ఇజ్రాయెల్‌లోని వోకల్‌టెక్ కంపెనీ ఇంటర్నెట్ ఫోను సాఫ్ట్‌వేర్ అమ్మింది. 1999లో సిప్ అనే పిలుపు పద్ధతి వచ్చింది. సిప్‌లో మాట ఎక్కడికి పంపాలో ఆ ఉత్తరం లోపలే రాస్తారు. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి గానీ ఇంటర్నెట్ ఫోనుకి అనుమతి రాలేదు. అప్పటికే ఈ ఒంటివైపు మూగతనం ఇతర దేశాల్లో అందరికీ తెలిసిన బాధే. రూటరు వెనకున్నవాడి మాట బయటికి పోతుంది, బయటి మాట అతనికి రాదు. అచ్చం మా ఇంట్లో జరిగినట్టే!

మందు 2003లో దొరికింది. పేరు స్టన్. ఫోను ముందుగా బయటున్న ఒక సర్వరుని "నేను నీకు ఏ చిరునామా నుంచి కనిపిస్తున్నాను?" అని అడిగి, ఆ జవాబునే ఉత్తరంలో రాస్తుంది. కొన్ని రూటర్లు మనిషి మనిషికీ వేరే సంఖ్య చూపిస్తాయి కాబట్టి అక్కడ ఇది పనిచేయదు. 2010లో టర్న్ అనే పద్ధతి ఖాయమైంది, మాటంతా మధ్యలో ఒక సర్వరు అందుకుని ఇస్తుంది. ఖర్చు ఎక్కువే.

సారు మమ్మల్ని మొదట అడిగింది రెండే. ఎవరికి వినిపించలేదు? మొదటి నుంచా, మధ్యలోంచా? మామయ్యకే, మొదటి నుంచీ అన్నాం. అయితే మైకు తప్పు కాదు, చిరునామా తప్పు అన్నారు. అదే మామయ్యకి మెసేజ్ పెట్టాం. చూస్తే అతని సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో స్టన్ సర్వరు అనే గడి ఖాళీగా ఉందట.

అది నింపి భోగి నాడు మళ్లీ చేశాడు. అమ్మమ్మ ఎత్తగానే "వినిపిస్తోందిరా?" అని గట్టిగా అరిచింది. "చెవులు పగిలేలా వినిపిస్తోందమ్మా" అన్నాడు మామయ్య.