ఇంత చేసి ఏం బాగుపడ్డాం? ఆలూరు, ఆదోని సీమలో ఒక ప్రశ్న నడిచిన దారి

1827 జులై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పదవి దిగి ఇంగ్లండు వెళ్ళేముందు, ఒకప్పుడు తాను కలెక్టరుగా తిరిగిన దత్తమండలాలను ఒకసారి చూసి పోదామని బయల్దేరిన ప్రయాణం అది. అంతకు రెండున్నరేళ్ళ ముందు, 1824 డిసెంబరు 31న, ఆయన రాజ్యం నడుస్తున్న తీరు మీద ఒక పెద్ద నివేదిక రాశాడు. శిస్తులు, కోర్టులు, ఉద్యోగాలు అన్నీ విచారించాక అందులో ఒకచోట ఆగి అడిగాడు: మనం చేస్తున్న ఈ ఏర్పాట్లన్నిటివల్లా చివరికి ఈ దేశపు మనిషి పైకి వస్తాడా, ఇంకా కిందికి పోతాడా?

రాజ్యమేలేవాడు తన పనిని తానే ఇలా నిలదీసుకోవడం అరుదు. 1807లో ఈ జిల్లాల శిస్తును నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేసినవాడూ ఆయనే. పైవాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన పోయాక పత్తికొండలో ఆయన పేరిట బావి తవ్వించి, తోపు పెట్టించారు. ఈ ఎండల్లో అంతకంటే తగిన జ్ఞాపకచిహ్నం ఉండదు.

కడుపు నిండినవాళ్ళకే బతుకు దేనికన్న ఆలోచన వస్తుందని చాలామంది అంటారు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు సీమ చరిత్ర చదివినకొద్దీ నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. ఇక్కడ వాన నమ్మకంగా రాదు, నల్లరేగడి ఒక ఏడు పండితే రెండేళ్ళు ఎండుతుంది. ఏ కొత్త రాజ్యం, ఏ కొత్త రోడ్డు, ఏ కొత్త యంత్రం వచ్చినా దీనివల్ల మాకేం ఒరిగిందని అడగకుండా ఉండటం ఈ నేల మీద బతికేవాళ్ళకు సాధ్యం కాలేదు. ఆ ప్రశ్నకు చాలా పాత సాక్ష్యాలే ఉన్నాయి.

పత్తికొండకు దగ్గర్లోనే జొన్నగిరి. ఆ పక్కన ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. అవి 1929 ప్రాంతంలో లోకానికి తెలిశాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట దొరకడం విశేషం. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు చేసిన ఆ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నరమందిని తరలించుకుపోయారనీ, ఆ గెలుపు తనకు దుఃఖమే మిగిల్చిందనీ రాజు తానే చెప్పుకున్నాడు. రెండోది తాను గర్వంగా చెప్పుకున్న పనుల చిట్టా: మనుషులకూ పశువులకూ వైద్యం, మందుమొక్కలు, దారుల వెంట చెట్లు, బావులు. చిన్న శాసనంలో ఇంకో మాట ఉంది. పూనుకుంటే గొప్పవాళ్ళే కాదు, సామాన్యుడూ స్వర్గానికి అర్హుడేనంటాడు. రాజ్యం గొప్పతనాన్ని గెలిచిన భూమితో కాకుండా తవ్విన బావులతో కొలవాలన్న ఆలోచన, ఇరవై రెండు శతాబ్దాల కిందట ఈ నీళ్ళులేని సీమలో రాతి మీదికి ఎక్కింది.

తర్వాతి శతాబ్దాల్లో ఈ ప్రశ్న రాజుల చేతుల్లోంచి జోగుల, దాసుల నోళ్ళలోకి వచ్చింది. కదిరి వైపు కటారుపల్లిలో సమాధి అయిన వేమన, కూడబెట్టిన సొమ్ముకూ చేసే పూజకూ ఏమిటి అర్థమని ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో అడిగాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. ఆ ఊరు ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చిందని మఠ సంప్రదాయం. ఆదోని వీధుల్లో అవధూతగా తిరిగిన మహాయోగి లక్ష్మమ్మ అవ్వ రథాన్ని ఇప్పటికీ జనం లాగుతారు. ఏమీ సంపాదించని మనిషికి ఒక వ్యాపార పట్నం ఏటా ఇంత పెద్ద జాతర చేయడం నాకు చిన్న విషయంగా తోచదు.

ఈ సీమ చెప్పుకునే కథల్లో దివాన్ వెంకన్న కథ నాకు ముఖ్యం. వెంకన్న దిక్కులేని పశువుల కాపరి, అక్షరం ముక్క రాదు. దారిన పోతున్న ఆదోని నవాబు ఒక ఉత్తరం చేతికిచ్చి చదవమన్నాడు. పిల్లవాడు రాఘవేంద్రస్వామిని తలుచుకోగానే చదవడం వచ్చింది. ఉత్తరంలో శుభవార్త ఉంది, నవాబు అతణ్ణి దివాను చేశాడు. మహిమ సంగతి భక్తులకు వదిలేద్దాం. బీదవాడి బతుకు మారాలంటే ఏం కావాలని ఈ జనం అనుకున్నారో మాత్రం ఆ కథ చెబుతుంది. వాళ్ళు ఊహించుకున్న వరం బంగారం కాదు, చదువు.

ఆ చదువు ఇక్కడ నిజంగా ఎట్లా ఉండేదో చెప్పే కాగితం ఒకటి మిగిలింది. 1822లో మన్రో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తరువు పంపాడు. అప్పటికి ఆదోని, ఆలూరు బళ్ళారి జిల్లాలో ఉండేవి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు. 1823 ఆగస్టులో ఆయన పంపిన జవాబు మిగతా కలెక్టర్ల పట్టికల లాంటిది కాదు. జిల్లా జనాభా 9,27,857, బడులు 533, చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యికి ఏడుగురు. అందులో ఆడపిల్లలు అరవైమంది.

బడి ఎట్లా నడిచేదో ఆయన దగ్గర నిలబడి చూసినట్టు రాశాడు. పొద్దున అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా చుడతారు. మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాళ్ళకు వరసనే పెరుగుతాయి. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుతారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు నేర్పుతారు. తక్కువ ఖర్చుతో నడిచే ఆ పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందంటే ఆశ్చర్యం లేదన్నాడు. లోపాలు కూడా దాచలేదు. పద్యాలను అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తున్నారనీ, చెప్పే పంతులుకే వాటి అర్థం తెలియదనీ రాశాడు.

ఆ తర్వాత అసలు మాటకొచ్చాడు. ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదు, ఉన్నచోట కలిగినవాళ్ళ పిల్లలే వస్తున్నారు. కారణం పేదరికం. ఇంగ్లండు నుంచి వచ్చిపడిన బట్ట ఇక్కడి నేతగాళ్ళ కూడు తీసేసింది. దేశంలోని సొమ్ము సముద్రం దాటిపోతోంది. గుడులకూ పండితులకూ రాజులిచ్చిన ఆదాయం ఆగింది. సర్కారు సొమ్ముతో నడిచే బడి జిల్లాలో ఒక్కటీ లేదు. తన ప్రభుత్వం దేశాన్ని ముందుకు నడిపిస్తోందని ఆ ప్రభుత్వ ఉద్యోగులంతా చెప్పుకునే రోజుల్లో, ఒక జిల్లా కలెక్టరు అది నిజం కాదని లెక్కలతో రాసి పంపాడు. నూరేళ్ళ తర్వాత, 1931 అక్టోబరులో, గాంధీ లండన్‌లో నిలబడి, బ్రిటిష్ పాలనలో దేశం చదువు తగ్గిందన్నప్పుడు పెద్ద దుమారం లేచింది. చరిత్రకారుడు ధర్మపాల్ 1983లో కలెక్టర్ల ఆ పాత జవాబులన్నీ అచ్చు వేసినప్పుడు, అందరి కళ్ళూ బళ్ళారి నివేదిక మీదే నిలిచాయి.

నేత పోయాక పత్తి వచ్చింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగానే, మన నల్లరేగడి పత్తికి ధర లేచింది. ఈ సీమ దూదికి వ్యాపారంలో ‘వెస్టర్న్స్’ అన్న పేరు స్థిరపడింది. 1865లో ఆదోని మునిసిపాలిటీ అయింది. 1870ల మొదట్లో మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరుకు రైలుపట్టాలు పడ్డాయి. జిన్నింగు మిల్లులు, పత్తి మండీలతో ఆదోనికి రెండో బొంబాయి అన్న పేరు కూడా వచ్చింది.

ఆ రైలు వచ్చిన ఐదారేళ్ళకే ధాత కరువు. 1876లో రెండు వానలూ ఎగ్గొట్టాయి. రైలుంది కాబట్టి ధాన్యం తెప్పించుకోవచ్చని ప్రభుత్వం అనుకుంది. ధాన్యం వచ్చింది కానీ కొనే సొమ్ము జనం దగ్గర లేదు. జొన్న వేసే చేలల్లో కొన్నిట పత్తి వేశారు, పాతర్లు ఖాళీగా ఉన్నాయి. ధర ఎక్కువున్న చోటికి గింజలు అదే రైల్లో వెళ్ళిపోయాయి. కరువు పనుల కూలీ ఖర్చు తగ్గించడానికి కలకత్తా నుంచి సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి ఒక పౌను గింజలు, అంటే అరకిలో కూడా లేని తిండి, పైన కాస్త చిల్లర చాలని తేల్చాడు. దాంతో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్ళారి, కర్నూలు జిల్లాల్లో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా జనం తగ్గిపోయారు.

ఇది నేను ఆవేశం లేకుండా రాయలేను. పట్టాలు వేసింది ఈ ఊళ్ళ మధ్య నుంచే, గింజలు కదిలింది ఈ ఊళ్ళ మీదుగానే, శవాలు లేచిందీ ఈ ఊళ్ళ నుంచే. 1878లో సర్ ఆర్థర్ కాటన్ పార్లమెంటు కమిటీ ముందు, రైళ్ళకు పోసిన సొమ్ము కాలువలకు పోసి ఉంటే ఏమయ్యేదో చూడమన్నాడు. 1909లో గాంధీ ‘హింద్ స్వరాజ్’లో రైళ్ళు కరువులను పెంచాయని రాస్తే చదువుకున్నవాళ్ళు ఛాందసమన్నారు. ధాత కరువు చూసిన ఆదోని ముసలివాళ్ళు ఎవరైనా ఆ పుస్తకం చదివి ఉంటే అట్లా అనేవాళ్ళు కాదు. రైలు చెడ్డదని కాదు. ఎవరి పొట్ట నింపడానికి వేశామని అడగకుండా వేయడమే చెడ్డది.

అడిగి చేసిన పని ఒకటి ఎమ్మిగనూరులో జరిగింది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళతో ఉత్పత్తి, అమ్మకాల సహకార సంఘం పెట్టారు. అంతదాకా షావుకారు నూలు అప్పిచ్చేవాడు, బట్ట తానే తీసుకునేవాడు, లెక్క తానే రాసేవాడు. మగ్గం నేసేవాడిది, బతుకు షావుకారుది. సంఘం నూలు తానే ఇచ్చి, కూలి తానే కట్టి, బట్టకు బజారు తానే వెతికింది. క్యాంబెల్ రాసిన జబ్బుకు నూట పదిహేనేళ్ళ తర్వాత దొరికిన మందు ఇదేనంటాను. సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పటి, టవలు దూరదేశాలకు వెళ్ళాయి. మరమగ్గం ధర ముందు చేతిమగ్గం నిలవలేని రోజులు తర్వాత వచ్చాయి. అయినా ఆ కొన్ని దశాబ్దాలు వృథా కాలేదు. నేసే మనిషికి ఆ పనిలో గౌరవం ఉంటే ఎట్లుంటుందో ఈ సీమ కళ్ళారా చూసింది.

నీళ్ళ కథ దీనికంటే పొడుగైంది. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో నీటి వాటాలో రాయలసీమకు ముందు చోటివ్వాలని రాసుకున్నారు. 1945లో తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన చేశారు, 1953లో నీళ్ళు వదిలారు. సుమారు 90 ఊళ్ళు మునిగాయి. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారిని విడిచి కర్నూలు జిల్లాలో చేరాయి. ఆనకట్ట, కాలువ మొదలు అటువైపు ఉండిపోయాయి, మనకు కాలువ చివర వచ్చింది. దిగువ కాలువకు, మనవాళ్ళు ఎల్లెల్సీ అనేదానికి, ఆంధ్ర వాటా 24 టీఎంసీలు. కానీ నీళ్ళు మన సరిహద్దు చేరేలోపే పైన మోటార్లు తోడేస్తాయి. 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడికతో 105కి దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, కోసిగి, నందవరం వైపు రైతులు ఏడాది పంట మీద ఆశ వదులుకున్నారు. కన్నయ్యనాయుడు అనే పెద్ద ఇంజనీరు నడిపించగా, పారే వరదలోనే అడ్డుపలకలు దించి నీటిని ఆపారు. ఆ పని చేసిన కార్మికులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కాలువ వచ్చినా చాలా ఊళ్ళకు నీరు రాలేదు. అందుకే సుగ్గి అనే వలస. దీపావళి దాటగానే కోసిగి, కౌతాళం, హొళగుంద, ఆలూరు ఊళ్ళనుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు పత్తి చేలకు, మిరప కోతలకు, బెంగళూరు కట్టుబడి పనులకు పోతాయి. ఉగాదికి తిరిగొస్తాయి. అవ్వ, తాత ఊళ్ళో ఉంటారు. పిల్లలు చాలామంది అమ్మానాన్నలతోనే పోతారు, అక్కడ బస్తాల మధ్య తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చుంటారు. 1990ల్లో నాగప్పగారి సుందర్రాజు ‘మాదిగోడు’ కథలు కర్నూలు మాటతీరులోనే రాసి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊరి అంచున మిగిలిపోయినవాళ్ళ బతుకును సాహిత్యం ముందు పెట్టాడు. ఎవరి ప్రగతి అన్న ప్రశ్న ఆ కథల్లో కులంతో కలిసి వచ్చింది. క్యాంబెల్ కాలంలో బడి మెట్టెక్కని పిల్లల్లో ఆ వాడల పిల్లలూ ఉన్నారన్న సంగతి కూడా అప్పుడే గుర్తుకు రావాలి.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం. పడమటి మండలాల్లో అది ఇంకా తక్కువ. వెయ్యికి ఏడుగురు చదివిన రోజుల నుంచి చూస్తే దూరం నడిచాం, అది కాదనను. కానీ బడి రిజిస్టరులో పేరున్న పిల్లవాడు డిసెంబరులో గుంటూరు జిల్లా చేలో ఉంటే ఆ శాతానికి ఏం విలువ? ఈ పిల్లలకోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెడుతుంది. పిల్లవాడు రాత్రి అన్నం తిని బడిలోనే పడుకుంటే, తల్లిదండ్రులు నిశ్చింతగా పనికి పోవచ్చు. మంచి ఏర్పాటు. అయితే బండి ఎక్కిన పిల్లవాణ్ణి వెనక్కి తేవడం ఏ టీచరుకూ చేతకాదు. కాబట్టి హాస్టలు తలుపులు దసరా సెలవులు ముగిసిన మర్నాడే తెరవాలి, బియ్యం, పప్పు, వార్డెను జీతం అప్పటికే చేరాలి. వేదవతి మీద ఆలూరు పొలాలకు నీళ్ళిచ్చే పథకం పూర్తయ్యేదాకా, ఎల్లెల్సీ చివరి తూము దాకా నీరు పారేదాకా, ఆ ఒక్క తేదీ కోసమైనా ప్రతి ఏడూ అక్టోబరులో మండల ఆఫీసుకు పోయి అడుగుతూనే ఉండాలి.