బాయిపేరు, ఇంటిపేరు



కుటుంబం చక్కగా లేనిచోట పిల్లలకు ఆత్మగౌరవం ఉండదనీ, వారు సులువుగా నేరం వైపు మళ్ళుతారనీ పెద్దలు తరచుగా అంటూంటారు. గోదావరిఖనిలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు బోధించినవాణ్ణి గనుక నేనూ ఆ మాట విన్నాను, అన్నాను కూడా. మా గనులలోని మారుపేర్ల చరిత్ర తెలిసేకొద్దీ ఆ మాట నోటికి రావడం కష్టమైంది.

1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు లభించాయి. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. మా రామగుండం గనులు మాత్రం 1960ల నాటివి. ఆనాడు బాయి పని అంటే ప్రాణభయం. కరీంనగర్ జిల్లా పల్లెల నుండి వచ్చినవారిలో కొందరు భయపడి పారిపోయేవారు. పోయినవాని పేరుమీద వచ్చినవాడు గనిలోకి దిగాడు. అన్న కాగితాలతో తమ్ముడు చేరాడు. నాగాలు ఎక్కువై పని పోయినవాడు మరొక పేరుతో తిరిగి వచ్చాడు. ఆకలి తీరడమే ముఖ్యమైన రోజులలో పేరును ఎవరూ పెద్ద విషయంగా తలచలేదు.

పల్లెలో ఉమ్మడి కుటుంబం ఉండేది. ఫలానావాని కొడుకువని చెప్పడానికి వాడంతా సాక్ష్యం. కార్మిక వాడలోని క్వార్టరులో తల్లి, తండ్రి, పిల్లలు మాత్రమే. తాత లేడు, పెదనాన్న లేడు. అక్కడ తండ్రికి కాగితమే సాక్ష్యం. ఆ కాగితం మీద ఉన్నది మరొకరి పేరు. కార్మికుడు ఉద్యోగంలో ఉండగా మరణించినా, పనికి అశక్తుడైనా వారసునికి కొలువు ఇచ్చే నిబంధన వేతన ఒప్పందాలలోకి వచ్చిన తరువాత ఆ పేరే బిడ్డ భవిష్యత్తు అయింది.

1990లో పదవ తరగతి విద్యార్థుల వివరాలు రాసుకుంటున్నాను. తండ్రి పేరు అడిగితే ఒక బాలుడు తల వంచుకుని, "ఏది రాయాలె సార్, ఇంట్ల పేరా, బాయి పేరా?" అన్నాడు. అదే వారం ఆ తరగతికి హరిశ్చంద్రుని కథ చెప్పి ఉన్నాను. నాకు నోట మాట రాలేదు. తండ్రిని పిలిపించాను. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన ఆ మనిషి, కొడుకు వైపు చూడకుండానే, "బాయి పేరే రాయుండ్రి సార్" అన్నాడు. రాశాను. ఆ ఏడాది ఆ బాలుని నోటుపుస్తకాల అట్టల మీద ఇంటిపేరు మళ్ళీ కనిపించలేదు.

కొన్నేళ్ళకు తండ్రి పోయాడు. కొలువు కొడుక్కి వచ్చింది. ఊళ్ళో తాత భూమిలో వాటా మాత్రం రాలేదు. అతని ధ్రువపత్రాలలోని తండ్రి ఆ తాతకు కొడుకు కాడు మరి! ఉద్యోగం నిలిపిన నా రాతే అతన్ని వంశం నుండి వేరు చేసింది. తరువాత ఒకసారి కలిసినప్పుడు అడిగాడు: "మా నాయిన చేసింది నేరమేనా సార్?"

చట్టం దృష్టిలో నేరమే. పరుల పేరుతో జీతం తీసుకోవడాన్ని నేను సమర్థించలేను. ఆ పేరు అసలు యజమాని పిల్లలు కూడా నష్టపోయి ఉండవచ్చు. అయితే ఆ తండ్రి దొంగిలించినది సుఖాన్ని కాదు, చీకటిలో చాకిరీని. ఆ ఇంట పెరిగిన బాలుడు నేరస్థుడు కాలేదు. చట్టం మీద అతనికి నమ్మకం పోయింది, తన పుట్టుక మీద సిగ్గు మిగిలింది. ఆత్మగౌరవం దెబ్బతినడమంటే అదేనని నాకు అప్పుడు తెలిసింది. అతనికి ఇంత చెప్పలేక, "మీ నాయన మంచివాడు" అని మాత్రం అన్నాను.

ఇది ముగిసిన కథ కాదు. 1990ల తొలినాళ్ళలో కార్మికులు లక్షకు పైగా ఉండేవారు, నేడు 40 వేల చుట్టూ ఉన్నారు. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టివేసింది. 2018 నుండి కారుణ్య నియామకాలు మొదలయ్యాయి. వాటికీ తండ్రి పేరే ఆధారం. 1998లో మొదలైన గుర్తింపు సంఘం ఎన్నికలలో మారుపేర్ల సవరణ హామీగా వినబడుతూనే వచ్చింది.

ఆ శిష్యుడు తన కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు. బాయిపేరు కాదు, అసలు పేరు. బడిలో చేర్చిన రోజు ఫోను చేసి, "ఈసారి ఒక్కటే పేరు సార్" అన్నాడు.

మీ ప్రాంతాలలో ఇటువంటి మారుపేర్ల కథలు ఉంటే తెలుపగలరు.

స్వస్తి.