పై అంతస్తులో కాగితం పని

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్నంలో సౌత్‌వర్త్ హౌలాండ్‌కి పుస్తకాలూ స్టేషనరీ అమ్మే కొట్టు ఉండేది. 1840ల చివర్లో ఆయన కొడుకు ఆ కొట్టు సరుక్కి ఆర్డర్లు పట్టుకురావడానికి ఊళ్ళ మీదికి బయల్దేరుతుంటే, ఇంటి ఆడపిల్ల ఎస్తర్ తను చేసిన వేలంటైన్ కార్డులు కొన్ని అతని సరుకు పెట్టెలో పెట్టి పంపింది. రెండు వందల డాలర్ల బేరం తగిలితే చాలనుకుంది. తిరిగొచ్చిన మనిషి దగ్గర ఐదు వేల డాలర్లకు పైబడిన ఆర్డర్లున్నాయి. ఇరవై ఏళ్ళ పిల్ల ఒక్కతే కత్తెరా జిగురూ పట్టుకుని కూర్చుంటే తెమిలే పని కాదది. స్నేహితురాళ్ళని పిలిచింది. ఇంటి పై అంతస్తులోని గదిని పనిశాలగా మార్చింది. అమెరికాలో గ్రీటింగ్ కార్డు ఒక వ్యాపారంగా వేళ్ళూనుకున్న చోట్లలో ఆ గది ఒకటి.

ఎస్తర్ 1828లో పుట్టింది. 1847లో మౌంట్ హోలియోక్ మహిళా విద్యాలయంలో చదువు ముగించింది. ఆ విద్యాలయం స్థాపించిన మేరీ లయన్‌కి ఫిబ్రవరి 14న ప్రేమలేఖలు పంపుకునే ఆచారం బొత్తిగా గిట్టేది కాదు. మరుసటి ఏడు అక్కడ చదువుతున్న ఎమిలీ డికిన్సన్, తర్వాతి కాలపు మహాకవయిత్రి, ఆ పంపకాలను లయన్ నిషేధించిన సంగతి అన్నకు ఉత్తరం రాసింది. అంత పట్టుదలగా నిషేధించాల్సి వచ్చిందంటే ఆ ఆచారం అమ్మాయిల్లో ఎంత పాకిందో ఊహించుకోవచ్చు. చదువు ముగించి ఇంటికొచ్చిన ఎస్తర్‌కి ఎవరో ఇంగ్లండు నుంచి ఒక కార్డు పంపారు. అంచంతా సన్నటి లేసు, మధ్యలో రంగు కాగితాల పూలు. అలాంటివి అమెరికాలో అరుదు, ధర ఎక్కువ. ఇంతకంటే బాగా నేనే చేయగలనని ఆమెకు అనిపించింది. కావలసిన లేసు కాగితం, రంగు కాగితాలు, పూల బొమ్మలు తండ్రి చేత ఇంగ్లండు నుంచీ న్యూయార్క్ నుంచీ తెప్పించుకుంది.

ఆ లేసు కాగితం కథ లండన్‌లో మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి పాదంలో డాబ్స్ అనే సంస్థ అక్కడ ఎంబాసింగ్ చేసిన స్టేషనరీకి పేరు మోసింది. ఎంబాసింగ్ అంటే కాగితాన్ని ఉబ్బెత్తుగా తేల్చడం. చెక్కడం పనివాడు ఉక్కు మీదో ఇత్తడి మీదో పూవులూ తీగలూ లోపలికి పల్లంగా చెక్కుతాడు. అది అచ్చు. దాని మీద కొద్దిగా తడిపిన కాగితం పరిచి, పైన తోలు గానీ మందపాటి అట్ట గానీ వేసి, మర తిప్పి దింపే ప్రెస్సుతో ఒక్క దెబ్బ వేస్తారు. కాగితం పల్లాల్లోకి సాగి దిగుతుంది. తీసి తిప్పి చూస్తే పూవు పైకి లేచి ఉంటుంది. సిరా చుక్క లేదు, రంగు లేదు. వెలుగు ఏటవాలుగా పడితే నీడే బొమ్మ అవుతుంది. ఇందులో కాగితం ఎంపికే సగం పని. పొడిగా ఉంటే చిరుగుతుంది, తడి ఎక్కువైతే ఆరాక చదునైపోతుంది, నార బలంగా లేకపోతే మడత దగ్గర పగులుతుంది. అప్పటి మంచి కాగితం గుడ్డ పీలికల గుజ్జుతో చేసింది కాబట్టి ఆ సాగుడు తట్టుకునేది.

1834లో డాబ్స్ సంస్థలో పనిచేస్తున్న జోసెఫ్ ఆడెన్‌బ్రూక్‌కి ఒక కొత్త సంగతి తట్టిందని ఈ పని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఉబ్బెత్తుగా లేచిన కాగితం మీద ఆకురాయి రాస్తే లేచిన కొనలు అరిగిపోయి, వాటి చోట బెజ్జాలు మిగిలాయి. చుట్టూ ఉన్న సన్నటి కాగితపు తీగలు మాత్రం చెక్కుచెదరలేదు. దారంతో అల్లిన లేసులాగే ఉంది. నెలల తరబడి కూర్చుని అల్లే పని, ఒక అచ్చూ ఒక ఆకురాయీ చేతుల్లోకి వచ్చేసింది. అయినా అది మనిషి చెయ్యి లేకుండా సాగే పని కాదు. ఆకురాయి ఒక గీత ఎక్కువ పడితే తీగ తెగుతుంది, తక్కువ పడితే బెజ్జం మూసుకునే ఉంటుంది. ఆడెన్‌బ్రూక్ తర్వాత సొంత సంస్థ పెట్టుకున్నాడు. జోసెఫ్ మాన్సెల్ లాంటివాళ్ళు కూడా రంగంలోకి దిగారు. లేసు కాగితం ఇంగ్లండు ఎగుమతుల్లో చేరింది.

కానీ ఎంత అందమైన కార్డైనా ఇంటికి చేరాలి కదా. ఇక్కడ తపాలా చరిత్రని పక్కన పెట్టడానికి వీల్లేదు.

1840కి ముందు ఇంగ్లండులో ఉత్తరానికి రుసుము దూరాన్ని బట్టీ, ఎన్ని కాగితాలు ఉన్నాయన్నదాన్ని బట్టీ లెక్కించేవారు. సాధారణంగా డబ్బు కట్టాల్సింది అందుకున్నవాళ్ళే. కవరు వేస్తే అది కూడా ఇంకో కాగితం కిందే లెక్క, రుసుము రెట్టింపు. అందుకే జనం ఒక్క కాగితం మీదే రాసి, దాన్నే మడిచి, లక్క వేసి పంపేవారు. ఒక పొర మీద ఇంకో పొర అతికించిన కార్డుకి ఆ ఏర్పాటులో చోటే లేదు. 1840 జనవరిలో రోలాండ్ హిల్ ప్రతిపాదించిన పెన్నీ తపాలా అమల్లోకి వచ్చింది. అర ఔన్సు బరువు లోపు ఉంటే దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీ. కాగితాలు ఎన్నున్నా పేచీ లేదు. అమెరికా కూడా 1845లో కాగితాల లెక్క వదిలేసి బరువు లెక్కకి మారింది. 1851లో ముందే చెల్లిస్తే మూడు వేల మైళ్ళ దాకా మూడు సెంట్లు చాలన్నారు. వూస్టర్‌లోనే రస్సెల్ హాజ్ అనే వైద్యుడు 1853లో కవర్లు మడిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పొరల కార్డు పుట్టుకకి కళాభిరుచి ఎంత కారణమో, ఈ తూకం లెక్క కూడా అంతే కారణం. లేసు కాగితం చాలా తేలిక. నాలుగు పొరలు వేసినా తక్కెడ పెద్దగా దిగదు.

ఎస్తర్ పై అంతస్తులో పని పంచుకున్న తీరు ఇదీ. ఒకామె అచ్చు బొమ్మల్ని అంచు వెంట కత్తిరిస్తుంది. ఇంకొకామె కార్డు అడుగు పొర సిద్ధం చేస్తుంది. మరొకామె బొమ్మల్ని నమూనా ప్రకారం అమర్చి అతికిస్తుంది. నమూనా ఎస్తర్‌ది, చివర ప్రతి కార్డూ చూసి సరేననేది ఆమే. గిరాకీ పెరిగాక గదిలోకి రాలేని ఆడవాళ్ళకి ఇంటికే పని పంపింది. ఒక పెట్టెలో కత్తిరించిన ముక్కలు, లేసు, రంగు కాగితం, చూసి చేయడానికి ఒక నమూనా సర్ది పంపేవారు. వారం తర్వాత తయారైన కార్డులు వెనక్కి తెచ్చుకుని తనిఖీ చేసేవారు. పిల్లల్నీ పొయ్యినీ చూసుకుంటూ చేసుకోగల సంపాదన అది. మన ఊళ్ళలో బీడీలు చుట్టే ఇళ్ళకి ఆకూ పొగాకూ వచ్చి, చుట్టిన కట్టలు వెళ్ళే ఏర్పాటు తెలిసినవాళ్ళకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

ఇంతకీ ఆమె కార్డులో కొత్తదనం ఏమిటి? ఒక కార్డు అడుగు నుంచి పైకి చూద్దాం. అడుగున మడిచిన కాగితం, దాని మీద ఉబ్బెత్తు పూల అంచు. దానిపైన మెరిసే రంగు కాగితం ముక్క ఒకటి, ఎరుపో నీలమో ఆకుపచ్చో. దానిమీద తెల్లటి లేసు కాగితం. ఉత్తి తెలుపు మీద తెల్ల లేసు వేస్తే పనితనం కళ్ళకు కనబడదు. కింద రంగు ముక్క పడగానే ప్రతి బెజ్జమూ బయటికి కనబడుతుంది. ఈ కిటుకు ఎస్తర్ హౌలాండ్ పేరుతోనే నిలిచింది. తర్వాత అసలు చమత్కారం: రెండు సన్నటి కాగితం పట్టీల్ని అడ్డంగా ఒకదానిమీదొకటి మడుస్తూ పోతే చిన్న స్ప్రింగు తయారవుతుంది. అలాంటి స్ప్రింగులు లేసు వెనక నాలుగు మూలలా అతికిస్తారు. కవరులో ఉన్నంతసేపూ అణిగి ఉంటుంది, తీయగానే పై పొర కాస్త పైకి లేస్తుంది. ఆ పొర మధ్య కిటికీలోంచి లోపలి బొమ్మ కనబడుతుంది. బల్లపరుపు కాగితానికి లోతు వచ్చింది. అదీ ఆమె కళ.

పూలూ పిల్లలూ పావురాల బొమ్మలు చాలావరకు జర్మనీ నుంచి వచ్చేవి. రాతి అచ్చు మీద ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున అచ్చేసి, ఉబ్బెత్తు చేసి, అంచు వెంట అచ్చుతోనే కోసి, సన్నటి కాగితపు బద్దెలతో కలిపి షీట్లు షీట్లుగా అమ్మేవారు. వాటిని 'స్క్రాప్' బొమ్మలనేవారు. బంగారు మెరుపుకి వేరే పద్ధతి ఉంది. ముందు జిడ్డు వార్నిషుతో అచ్చువేసి, అది ఆరకముందే కంచు పొడి చల్లి, మిగిలింది దులిపేయాలి. పొడి పట్టిన చోటే మెరుస్తుంది. ఈ దులుపుడులో ఎగిరిన కంచు ధూళి పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి కూడా చేరేది. మెరిసే కార్డు చూసేటప్పుడు ఇది కూడా గుర్తు పెట్టుకోవాల్సిన విషయం.

కార్డు పైన మాటలు లేకపోవడం ఎస్తర్ పద్ధతిలో ఇంకో విశేషం. పద్యం లోపలి పేజీలో చిన్న చీటీగా అతికి ఉండేది. కార్డు నచ్చి పద్యం నచ్చని కొనుగోలుదారు ఉంటాడని ఆమెకు తెలుసు. 1879లో ఆమె సంస్థ ఒక పద్యాల పుస్తకం వేసింది. అందులో 131 పద్యాలు రకరకాల రంగు సిరాలతో, వేర్వేరు సైజుల్లో అచ్చై ఉన్నాయి. నచ్చినదాన్ని ఎంచుకుంటే దాన్ని పాత పద్యం మీద అతికించి ఇచ్చేవారు. ఒకే కార్డు సిగ్గరికీ సరిపోయేది, ధైర్యవంతుడికీ సరిపోయేది.

ఆ కాలంలోనే వేరే దారిలో నడిచిన కార్డు కూడా ఉంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ తన క్రిస్మస్ శుభాకాంక్షలకి చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ వేయించి, సుమారు వెయ్యి ప్రతులు అచ్చేయించాడు. ఒక్కోటి ఒక షిల్లింగు. గీతలు అచ్చువి, రంగులు చేత్తో పూసినవి. ఒకే అట్ట, పొరలు లేవు. అమెరికాలో ఈ చదును కార్డుని శిఖరానికి చేర్చినవాడు లూయీ ప్రాంగ్. జర్మన్ ప్రాంతాల్లో 1848 తిరుగుబాటు విఫలమయ్యాక బోస్టన్ చేరిన ప్రాంగ్, ఒకే బొమ్మకి ఇరవై దాకా రాళ్ళు వాడి తైలవర్ణ చిత్రాల ఛాయ తెప్పించాడు. 1873లో ఇంగ్లండులో, మరుసటి ఏడు అమెరికాలో క్రిస్మస్ కార్డులు అమ్మాడు. ఆయన కార్డు ఎంత గొప్పదైనా ఇంట్లో కూర్చుని చేయడానికి వీలయ్యేది కాదు. పెద్ద ప్రెస్సు, పెద్ద పెట్టుబడి, చిత్రకళలో శిక్షణ కావాలి. హౌలాండ్ కార్డుకి కత్తెర, జిగురు, ఓపిక, మంచి కన్ను చాలు. అందుకే వూస్టర్ చుట్టుపక్కల ఇళ్ళలోని ఆడవాళ్ళకి అది ఉపాధి అయింది.

1866లో మోకాలి గాయంతో ఎస్తర్ చక్రాల కుర్చీకి పరిమితమైంది. పని ఆగలేదు. 1870లో సంస్థకి న్యూ ఇంగ్లండ్ వేలంటైన్ కంపెనీ అని పేరు పెట్టింది. ఏడాదికి లక్ష డాలర్ల వ్యాపారం చేసిందని చెప్పుకుంటారు. కార్డు వెనక ఎర్రటి చిన్న హెచ్ అక్షరం ఆమె గుర్తు. మిగతా చేతుల సంగతే మనసుని పట్టుకుంటుంది. పెట్టెలు ఇంటికి తీసుకెళ్ళిన ఆడవాళ్ళకి ఏ గుర్తూ లేదు. స్ప్రింగు మడత నిటారుగా రావడానికి కారణమైన వేళ్ళు వాళ్ళవి. చరిత్ర రాసేవాళ్ళు ఈ లోటుని ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాల్సి ఉంది.

తండ్రి జబ్బు పడితే చూసుకోవడానికి 1880 ప్రాంతంలో ఎస్తర్ వ్యాపారాన్ని అదే రంగంలో ఉన్న జార్జ్ విట్నీకి అమ్మేసింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు, 1904లో కన్నుమూసింది. విట్నీ చాలామంది పోటీదార్లని కొనేశాడు. ఎంబాసింగ్ యంత్రాలు, లేసు కాగితం యంత్రాలు వూస్టర్‌లోనే పెట్టించి, ఇంగ్లండు నుంచి దిగుమతి మానేశాడు. పొరలు క్రమంగా తగ్గాయి. అంటించే పని ఖరీదు, అచ్చు చవక. రెండో ప్రపంచ యుద్ధకాలపు కాగితం కొరతలో, 1942లో, విట్నీ సంస్థ మూతపడింది.

ఉబ్బెత్తు పని మాత్రం చావలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తడి సిరా మీద రెసిన్ పొడి చల్లి, వేడి తగిలించి, అక్షరాలు పైకి ఉబ్బేలా చేసే థర్మోగ్రఫీ వచ్చింది. చెక్కిన అచ్చు ఖరీదు లేకుండా ఉబ్బెత్తు దొరికింది. అలాంటి పొడినే రబ్బరు స్టాంపు ముద్ర మీద చల్లి, వేడి గాలి తగిలించి కార్డులు చేసుకునేవాళ్ళు ఇవాళ ఎన్నో దేశాల్లో ఉన్నారు. వేలు పెట్టి తడిమితే పేర్లు తగిలే మన పెళ్ళి శుభలేఖలోనూ, గణపతి బొమ్మ ఉబ్బెత్తుగా లేచిన దాని అట్టలోనూ తరచూ కనిపించేవి ఈ థర్మోగ్రఫీ, ఆ ఎంబాసింగ్ పద్ధతులే. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేయించుకున్నవాళ్ళకి ఆ నమూనాల దొంతరలు తెలుసు.

ఎస్తర్‌ని అమెరికన్ వేలంటైన్ తల్లి అంటారు. ఆ బిరుదుకి పేచీ ఉంది. వూస్టర్ పక్కనే గ్రాఫ్టన్‌కి చెందిన జోథమ్ టాఫ్ట్ ఆమెకంటే ముందే కార్డులు చేశాడని కొందరి వాదన. తర్వాత ఆ కుటుంబమూ ఆమే కలిసి వ్యాపారం చేశారు కాబట్టి ఎవరి చేతిపని ఏదో విడదీయడం కష్టం. వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీలోనూ, ఆ ఊరి చరిత్ర మ్యూజియంలోనూ ఆ కార్డులు భద్రంగా ఉన్నాయి. వెనక హెచ్ ఉంటే తేలిక. లేని చోట లేసు కింద రంగు ముక్క ఉందా, స్ప్రింగు ఎలా మడిచారు, పద్యం చీటీ లోపల అతికి ఉందా అని ఒక్కో పొరా చూసుకుంటూ పోతారు.