కాలువకు పైన ఉన్న తండాలు

బోధన్ చెరుకు ప్రాంతంలో పదిమంది కలిసి బతుకు బాగుచేసుకున్న చరిత్ర చెప్పమంటే పెద్దలు నిజాంసాగర్ కాలువతో మొదలుపెడతారు. మేమూ అక్కడి నుంచే మొదలుపెడతాం. కాకపోతే వాళ్లు కాలువ గట్టు మీద నిలబడి చెబుతారు, మేం గట్టుకు పైనున్న మెట్ట మీద నిలబడి చెబుతున్నాం. వర్ని, గాంధారి, ఎల్లారెడ్డి, సిరికొండ వైపు మన తండాలు ఎక్కువగా ఉన్నది అడవి అంచున, మెట్ట మీదనే. నీళ్లు పల్లానికి పోతాయి. నీళ్లతో వచ్చిన డబ్బు, బడి, రోడ్డు, ఆస్పత్రి కూడా ముందు పల్లానికే పోయినయి. ఈ మాట ఎవరినో తిట్టడానికి రాయడం లేదు. కలిసి పనిచేయడం అనే మాటను మన వైపు నుంచి ఒకసారి చూద్దామని రాస్తున్నాం.

మన తాతముత్తాతలకు ఆ మాట కొత్తది కాదు. లదేణి రోజుల్లో వందల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరి నుంచి ఊరికి నడిచిన వాళ్లు పొత్తు లేకుండా ఒక్క మజిలీ కూడా దాటలేరు. ఎడ్లకు నీళ్లు ఏ చెరువులో పట్టాలి, రాత్రి ఎక్కడ దిగాలి, దారిలో ఎవరితో సఖ్యత ఉండాలి, ఇవన్నీ నాయక్, కార్భారి, పెద్దమనుషులు కూర్చొని తేల్చేవాళ్లు. తండాలో తగాదా వస్తే నసాబ్ కూర్చునేది. రైలు వచ్చాక ఎడ్ల బిడారాలకు పని పోయింది. 20వ శతాబ్ది తొలి ఏళ్లలో హైదరాబాద్, మన్మాడ్ మధ్య రైలు ఇందూరు మీదుగా పోవడం మొదలైంది. ఆ ఇందూరే నిజామాబాద్ అయింది. పట్నానికి కొత్త పేరు, కొత్త బజారు వచ్చిన ఆ రోజుల్లోనే మనవాళ్లు ఎడ్లను అమ్ముకొని అడవి అంచున పశువులు మేపుకుంటూ, రాళ్లు ఏరి చెలకలు చేసుకుంటూ నిలబడిపోయారు.

తర్వాత నిజాంసాగర్ వచ్చింది. అచ్చంపేట, బంజేపల్లి దగ్గర మంజీర మీద 1923లో పని మొదలై 1931లో ముగిసింది. ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ బహాదూర్. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టిన ప్రాజెక్టు అది. కట్ట కింద ఊళ్లు మారిపోయాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. వాళ్లకు మాగాణి సాగు తెలుసు, చేతిలో పెట్టుబడి ఉంది, ఒకే జిల్లా నుంచి వచ్చిన వాళ్లు ఒకరికొకరు పూచీ ఉండేవాళ్లు. ఆ పూచీనే వాళ్ల అసలు బలం అని మాకు అనిపిస్తుంది. మనకూ అలాంటి పూచీ ఉండేది, కానీ దాన్ని చూపించి అప్పు తెచ్చుకునే చోటు లేదు. పట్టా లేని చెలకకు ఎవరు అప్పిస్తారు?

కాలువ నీళ్లకు చెరుకు, చెరుకుకు ఫ్యాక్టరీ. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. కార్మికులకు క్వార్టర్లు, బడి, దవాఖానా, ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరుకు తోటలు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు కొమ్మ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

చెరుకు ఫ్యాక్టరీ నడవాలంటే ఒక పెద్ద ప్రాంతమంతా గడియారం ప్రకారం కదలాలి. పత్తి, వడ్లు ఇంట్లో పోసుకొని ధర కోసం ఆగవచ్చు. చెరుకు అలా ఆగదు. నరికిన గడను ఒకరోజులో గానుగలో వేయకపోతే బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే ఏ ఊరి తోట ఏ రోజు నరకాలో ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇస్తుంది. ఆర్డర్ వచ్చిన రోజుకు ముఠా తోటలో దిగాలి, బండ్లు సిద్ధంగా ఉండాలి, తూకం దగ్గర వరుస కట్టాలి, బాయిలర్ ఆరకుండా ఉండాలి. ఒక్కచోట ఆలస్యమైతే అందరికీ నష్టమే. రైతు, బండివాడు, కార్మికుడు, ముఠా వీళ్లంతా ఒకరి మీద ఒకరు ఇంతగా ఆధారపడ్డ పని ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదు.

ఆ ముఠాల్లో మనవాళ్లు ఉన్నారు. మెట్ట తండాల నుంచి, మంజీర అవతల బిలోలి, దెగ్లూరు వైపు నుంచి కూడా ఆలుమగలు జోడీగా వచ్చి, పిల్లల్ని తోట గట్టు మీద పడుకోబెట్టి, తెల్లవారుజామున కత్తి పట్టేవాళ్లు. భాష ఒకటే కాబట్టి సరిహద్దు వాళ్లకు అడ్డు కాలేదు. మంజీర ఇవతలి తండాకూ అవతలి తండాకూ సంబంధాలు కలిసిన ఇళ్లు మాకు తెలుసు. కానీ కటింగ్ ఆర్డర్ మీద రైతు పేరు ఉండేది. తూకం చీటీ మీద రైతు పేరు ఉండేది. ఫ్యాక్టరీ జీతాల పుస్తకంలో కార్మికుని పేరు ఉండేది. చెరుకు నరికిన ముఠా పేరు మేస్త్రీ జేబులోని చిన్న పుస్తకంలో మాత్రం ఉండేది. సీజన్ ముగిస్తే ఆ పుస్తకమూ ఉండదు. చెరుకు ధర కోసం రైతులు ధర్నా చేసినప్పుడు, బోనస్ కోసం కార్మికులు సమ్మె చేసినప్పుడు మనవాళ్లు పని ఆగి పస్తులున్నారు. ఆ చర్చల్లో మాత్రం వాళ్లకు చోటు లేదు. ఒక ప్రాంతమంతా కలిసి పనిచేసింది, అందులో సందేహం లేదు. ఎవరి మాటతో పని మొదలవుతుంది, ఎవరి మాటతో ఆగుతుంది అని అడిగితేనే తేడా తెలుస్తుంది.

ఇదే ప్రశ్న ఆర్మూర్ వైపు గ్రామాభివృద్ధి కమిటీల దగ్గర కూడా వేసుకోవాలి. అంకాపూర్ పేరు వినని వాళ్లు మన జిల్లాలో ఉండరు. మక్క కంకులు, విత్తనాల సాగు, పసుపు, నాటుకోడి కూర, అన్నిటికీ ఆ ఊరు పేరు మోసింది. అక్కడా, చుట్టుపక్కల ఊళ్లలోనూ కులానికి ఇంతమంది చొప్పున కమిటీలో కూర్చుంటారు. చెరువులో చేపలకు, కొన్ని చోట్ల బెల్టు షాపులకు కూడా వేలం పెట్టి ఊరి నిధి కూడబెడతారు. ఆ డబ్బుతో బడికి గదులు, మోరీలు, గుడి, బాటలు. సర్కారు కోసం ఎదురుచూడకుండా ఊరే ఊరి పని చేసుకోవడం మెచ్చుకోవాల్సిందే, మేం మెచ్చుకుంటాం. అయితే అదే జిల్లాలో కమిటీ మాట వినలేదని కొన్ని కుటుంబాలను, కొన్ని చోట్ల మొత్తం కులాలను వెలివేసిన సంగతులూ ఉన్నాయి. కిరాణం ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా. అవి పోలీసు స్టేషన్ల దాకా, మానవ హక్కుల కమిషన్ దాకా పోయాయి. ఊరంతా ఒక్కటి కావడం అంటే ఎదురు మాట్లాడే వాడిని ఒంటరిని చేయడం అయితే, దాని దెబ్బ ముందు తగిలేది ఊరి చివర ఉన్నవాళ్లకే. మన నసాబ్‌లోనూ ఈ జబ్బు లేదని చెప్పలేం. జరిమానాలు, కులం నుంచి తీసేయడం మన దగ్గరా ఉన్నాయి, ఆడవాళ్లను కూర్చోబెట్టని నసాబ్‌లూ ఉన్నాయి. మన తప్పు దాచి పక్కవాడి తప్పు చెబితే చరిత్ర రాసినట్టు కాదు.

చట్టం వైపు చూద్దాం. తెలంగాణ జిల్లాల లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. మన జిల్లాలో నాయకపోడు, ఎరుకల కుటుంబాలూ ఉన్నాయి. అయితే నిజామాబాద్ షెడ్యూల్డ్ ఏరియా కాదు. కాబట్టి ఏజెన్సీలో గిరిజన భూమిని కాపాడే 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. గుర్తింపు వచ్చింది, హాస్టళ్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. మేం నాలుగు అక్షరాలు రాస్తున్నామంటే ఆ హాస్టళ్ల చలవే. భూమి మాత్రం ఎవరి జాగ్రత్త వాళ్లదే.

1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఆ జూన్‌లోనే రాష్ట్రమంతా పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కాలువ పూడిక ఎప్పుడు తీయాలి, తూము ఎవరు తిప్పాలి, నీటి వంతులు ఎలా వేయాలి, ఇవన్నీ ఇంజినీర్ల చేతి నుంచి రైతుల చేతికి రావాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. ఓటు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు. కాలువకు పైనున్న తండాకు ఆయకట్టు లేదు, కాబట్టి ఓటూ లేదు. పూడిక తీసే కూలికి మాత్రం తండా కావాలి. అదే కాలువ నుంచి తండా పశువులు నీళ్లు తాగుతాయి, ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు. ఈ అవసరాలు ఏ సంఘం పుస్తకంలో రాయాలో ఆ చట్టం చెప్పలేదు.

మనకు మొదట కుర్చీ దొరికింది మగవాళ్ల సంఘాల్లో కాదు, ఆడవాళ్ల పొదుపు సంఘాల్లో. నెలకు కొద్దికొద్దిగా పొదుపు చేసి, తండా సంఘం నుంచి గ్రామ సమాఖ్యకు, అక్కడి నుంచి మండల సమాఖ్యకు మనవాళ్లు పోయారు. ఊరి ఆడవాళ్లు, తండా ఆడవాళ్లు ఒకే చాప మీద కూర్చున్నది చాలా చోట్ల అప్పుడే మొదటిసారి. తర్వాత ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాలు వచ్చాయి. ఒకప్పుడు ఇతరుల కల్లాల్లో తూర్పారబట్టిన ఆడవాళ్లే కాంటా పక్కన కూర్చొని పెద్ద రైతు వడ్లలో తేమ ఎంతుందో మీటరు పెట్టి చూశారు. ఆ రోజు ఆ రైతు మొహం ఎలా ఉందో మా అమ్మలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

సారా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కామారెడ్డి బెల్లానికి పేరున్న మార్కెట్. చెరుకు పండే చోట బెల్లం, బెల్లం ఉన్న చోట గుడుంబా. గుడుంబా పేరుతో పోలీసులు తండాల మీద పడేవాళ్లు, నల్లబెల్లం అమ్మిన దుకాణం మాత్రం మరుసటి రోజు తెరిచే ఉండేది. బెల్లం మీద కట్టడి పెట్టినప్పుడు చెరుకు రైతు నష్టపోయాడు, కాచుకొని బతికే కుటుంబం జైలుకు పోయింది. ఇద్దరూ ఒకేచోట కూర్చొని మాట్లాడుకోవాల్సిన విషయం అది. మాకు తెలిసినంతలో అలా కూర్చోలేదు.

ఫ్యాక్టరీ కథ ముగింపు అందరికీ తెలిసిందే. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లూ మూతపడ్డాయి. అంతకు ముందే అదే ఏడాది మహారాష్ట్రలో లాగా రైతుల సహకార సంఘానికి ఫ్యాక్టరీ అప్పగించాలన్న ఆలోచన నడిచింది. అది నిలబడలేదు. మూతపడ్డాక రైతులు, కార్మికులు, పార్టీలు కలిసి కమిటీలు కట్టి తెరవాలని అడుగుతూనే ఉన్నారు. ఆ ధర్నాల్లో మనవాళ్లు కనిపించలేదని ఎవరైనా అంటే మేం ఒక మాట అడుగుతాం. నరికిన కూలీలకు పోయిన సీజన్ల పని లెక్క ఏ డిమాండ్ల కాగితంలో రాశారు? సీజన్ పోయాక మన యువకుల్లో కొందరు హైదరాబాద్ అడ్డాల మీద నిలబడ్డారు, కొందరు అప్పు చేసి గల్ఫ్ పోయారు.

జిల్లా రైతులు కలిస్తే ఏం చేయగలరో 2019లో దేశమంతా చూసింది. పసుపుకు, ఎర్రజొన్నకు ధర అడుగుతూ నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. బోర్డుతో ధర ఎంత పెరుగుతుందన్నది వేరే లెక్క. ఊరూరా ఒకే అడుగు వేయించిన ఆ పద్ధతి మాత్రం మనం నేర్చుకోదగ్గది.

అదే 2019 మొదట్లో మన ఇంట్లో ఇంకో పెద్ద పని జరిగింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500కు పైగా జనం ఉన్న తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఆగస్టు 2 నుంచి అమలు, మరుసటి జనవరిలో ఎన్నికలు. అందరూ గిరిజనులే ఉన్న తండాలో సర్పంచి నుంచి వార్డు సభ్యుల దాకా అన్ని స్థానాలూ మనవే. అంతకు ముందు తండా ఒక ఊరికి వార్డు. వీధి దీపం కావాలంటే ఊరి పంచాయతీ ఆఫీసు ముందు చెప్పులు విప్పి నిలబడాలి. ఇప్పుడు ఆఫీసు తండాలోనే.

ఆఫీసు వచ్చాక కొత్త చిక్కు తెలిసింది. తండా చిన్నది. పన్నులు తక్కువ. తాగునీటి గుట్ట ట్యాంకు ఊరి హద్దులో, శ్మశానం అడవి శాఖ హద్దులో, పెద్ద బడి మూడో ఊళ్లో. చెరువు అలుగు తండా వైపు, తూము ఊరి వైపు. విడిపోయి పంచాయతీ అయినంత మాత్రాన చెరువు విడిపోదు కదా. అడవి హక్కుల చట్టం కింద పోడు దరఖాస్తు పెట్టాలన్నా పక్క తండాతో హద్దు తేలాలి, లేకపోతే రెండు గ్రామసభలు ఒకే ముక్కకు రెండు తీర్మానాలు రాస్తాయి. మాకు తెలిసిన కొన్ని తండాలు ఇలాంటి పనికి పక్క ఊరి సర్పంచిని, పక్క తండా కార్భారిని పిలిచి చెట్టు కింద కూర్చుంటున్నాయి. ఇప్పుడు పిలిచేది తండా. ఊరు పిలిస్తే పోయి గట్టు మీద నిలబడిన వాళ్ల మనవళ్లు ఈ సభకు చాపలు పరుస్తున్నారు. కొన్నిచోట్ల పని అయింది, కొన్నిచోట్ల మాటలు పెరిగి లేచిపోయారు.

ఉపాధ్యాయులను ఒక పని అడుగుతాం. 2015 తర్వాత పుట్టిన పిల్లలు బోధన్ గేటు ముందు చెరుకు బండ్ల వరుస చూడలేదు. వాళ్ల నానమ్మ, తాతలు చూశారు, నరికారు కూడా. సెలవుల్లో పిల్లల చేత రాయించండి: ఏ ముఠా, ఎంతమంది జోడీలు, ఏ ఊరి తోట, మేస్త్రీ ఎవరు, టన్నుకు ఎంత ఇచ్చారు, ఆ డబ్బుతో ఏం కొన్నారు. గోర్ బోలీలో చెబితే గోర్ బోలీలోనే, తెలుగు అక్షరాల్లో రాయనివ్వండి. రాసిన నోటుబుక్కు ఒకటి తండా పంచాయతీ ఆఫీసు బీరువాలో, తీర్మానాల పుస్తకం పక్కన పెట్టించండి.